సరోజినక్క భుజమ్మీద చీర

మొన్న సోమవారం రేపల్లెలో మా కుట్టు షెడ్డు దగ్గర కొత్త గుడ్డల బేలు విప్పగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. గంజి, గోనె, ఎండలో కాగిన ప్లాస్టిక్ కలిసినట్టుండే మిల్లు వాసన. అన్నిటికంటే పైనున్న గుడ్డ తాను మామిడిపండు రంగు. దాన్ని చూడగానే నా కుడిచెయ్యి దానంతటది ఎడమ భుజం మీదికి వెళ్ళి పిన్ను కోసం తడుముకుంది. నేను వేసుకున్నది చుడీదార్. ఆ పిన్ను పెట్టుకోవడం మానేసి పద్దెనిమిదేళ్ళయింది. చెయ్యి మాత్రం మరిచిపోలేదు. పక్కన మిషను తొక్కుతున్న అమ్మాయి "ఏంటి మేడమ్, ఏమైనా కుట్టిందా?" అంది. కుట్టలేదు, సరోజినక్క గుర్తొచ్చింది అని చెబితే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను తెనాలిలో ఒక పెద్ద బట్టల కొట్టులో పనిచేసేదాన్ని. పై అంతస్తు అంతా చీరలే. అక్కడ పదకొండు మందిమి ఆడవాళ్ళం. రేపల్లె నుంచి ప్యాసింజర్ రైల్లో నేనూ, నాగమణీ వచ్చేవాళ్ళం. బాపట్ల నుంచి సరోజినక్క వచ్చేది. మా అందరికంటే ఆవిడే సీనియరు, అప్పటికే పన్నెండేళ్ళ సర్వీసు. భర్త పోయారు. ఆవిడ జీతం మీదే ఇల్లు గడవాలి, కూతురు నర్సింగు చదవాలి. సన్నగా, పొడుగ్గా ఉండేది. మెల్లగా మాట్లాడేది. కొన్నవాళ్ళు మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి ఆవిడకి "వస్తామమ్మా" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. నేను చేరిన మొదటివారం నాకు నేర్పిన పని ఒకటే. "చీరని బల్లమీద పరిచి ఊరుకోకు. నీ భుజాన వేసి, కుచ్చిళ్ళు నాలుగు పెట్టి, అద్దం ముందు నిలబడి చూపించు. కొనేవాళ్ళు చీరని చూడరు, ఆ చీరలో వాళ్ళని చూసుకుంటారు."

నాకు చిన్నప్పట్నుంచీ ఒక అలవాటు. కంటికి కనిపించినవన్నీ లెక్కపెడతాను. మెట్లు, రైలు పెట్టెలు, కిటికీ ఊచలు. బళ్ళో లెక్కల మాస్టారి దగ్గర ఎప్పుడూ తిట్లే తిన్నాను. ఆయన చెప్పిన దారిలో కాక నా దారిలో చేసేదాన్ని. జవాబు సరిపోయినా మార్కులు పడేవి కావు. పదో తరగతితో చదువు ఆగిపోయింది. ఒకరోజు సరోజినక్క అలమరలోంచి చీరల బొత్తి దించి బల్లమీద పెడుతుంటే నోరు జారి "ఇరవైమూడు" అన్నాను. ఆవిడ విప్పి లెక్కపెట్టింది. ఇరవైమూడే.

"ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదక్కా. ఊరికే వస్తుంది."

"ఊరికే వచ్చిందాన్ని దొంగసొత్తులా దాచుకుంటావేంటి?" అంది. నా లెక్కల గురించి ఒక మనిషి మంచిగా మాట్లాడడం అదే మొదటిసారి.

ఆ ఏడు మా షావుకారు రంగారావు గారు విజయవాడలో ఏదో షోరూము చూసొచ్చి, మనక్కూడా యూనిఫాం ఉండాలని పట్టుబట్టారు. సూరత్ నుంచి వచ్చి రెండేళ్ళుగా అమ్ముడుపోని సిల్కుగుడ్డ చీరల బేలు ఒకటి గోడౌన్లో ఉండేది. మామిడిపండు రంగు, చిలకాకుపచ్చ అంచు. తలా రెండు ఇచ్చారు. భుజాన పిన్ను, తలకి ముడి, గుండె మీద పేరు బ్యాడ్జి. ఇంటి దగ్గరే కట్టుకుని రావాలి, ఎందుకంటే కొట్లో బట్టలు మార్చుకునే గది లేదు. ఆ గుడ్డ ఒంటిమీద నిలిచేది కాదు, చేపపిల్లలా జారేది. వేసవిలో గాలి ఆడేది కాదు. అన్నిటికంటే బాధ రైల్లో. మొదటిరోజు నేనూ నాగమణీ ఆ చీరల్లో పెట్టె ఎక్కేసరికి, కూరగాయల గంపతో కూర్చున్న ఒక పెద్దావిడ చేతులు చాచి దిష్టి తీసినట్టు చేసి, "ఓలమ్మో, ఇద్దరు పెళ్ళికూతుళ్ళూ ఒకే రైలెక్కారే! పెళ్ళికొడుకులు ఏ స్టేషన్లో ఎక్కుతారమ్మా?" అంది. పెట్టె పెట్టెంతా నవ్వింది. జంపనిలో రైలు ఆగేదాకా నవ్వుతూనే ఉన్నారు. నాగమణి కిటికీ వైపు తిరిగిపోయింది. దాని కళ్ళల్లో నీళ్ళు నేను చూశాను.

బాధ అందరికీ ఉంది, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెబితే మానేసి పొమ్మంటారని తెలుసు. సరోజినక్క మాత్రం ఇంకో సంగతి కనిపెట్టింది. ఆ పసుప్పచ్చ మీద ఏ చీర వేసినా దాని రంగు చెడిపోతోంది. నెమలికంఠం రంగు మురికిగా కనిపిస్తోంది, గులాబీ ఎర్రబడుతోంది. అద్దంలో చూసి "రంగు అదోలా ఉందమ్మా" అని లేచిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. నాతో ఆ మాట అనగానే నాకు ఉత్సాహం వచ్చింది. బిల్లుపుస్తకాల నకళ్ళు ముందేసుకుని, యూనిఫాం రాకముందు నెలలో ఎన్ని చీరలు అమ్మామో, వచ్చాక నెలలో ఎన్ని అమ్మామో రెండు వరసల్లో వేసి, సగానికి పడిపోయిందని తేల్చి షావుకారు గారి బల్లమీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి ఒక్క చూపు చూసి నవ్వారు.

"అమ్మాయ్, ముందు నెల లగ్గసరి. ఈ నెల మూఢం. మూఢంలో పెళ్ళిచీరలు ఎవరు కొంటారు? నువ్వు పక్కన పంచాంగం పెట్టుకుని చెయ్యాలి లెక్కలు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది నిజమే. తెలుగు ఇంట్లో పుట్టి, బట్టల కొట్లో పనిచేస్తూ మూఢం మర్చిపోయాను. ఆ పూట తలెత్తలేకపోయాను. సరోజినక్క నన్ను ఓదార్చలేదు. "తప్పు దొరికింది కదా, ఇక దాన్ని తీసేసి మళ్ళీ చెయ్యి" అంది, అంతే.

మళ్ళీ చేసేలోపే నాగమణి పడింది. పైఅరలోంచి ఆరు చీరలు తీసుకుని నిచ్చెన దిగుతుంటే మూడో మెట్టు మీద కుచ్చిళ్ళు జారి కాలికింద పడ్డాయి. మణికట్టు బెణికింది. కట్టు కట్టించి తీసుకొచ్చాక షావుకారు గారు "చూసుకుని దిగాలి కదమ్మా" అన్నారు. కోపంతో కాదు, నిజంగా అలాగే అనుకున్నారు ఆయన. సరోజినక్క నిచ్చెన పక్కకి వెళ్ళి నిలబడింది.

"చూసుకునే దిగిందండి. ఒక చెయ్యి కుచ్చిళ్ళకి, ఒక చెయ్యి చీరలకి. నిచ్చెన పట్టుకోడానికి మూడో చెయ్యి లేదండి దానికి."

మర్నాడు పొద్దున బాపట్ల బండి దిగి సరోజినక్క కొట్టులోకి వచ్చేసరికి మేమందరం చేతిలో పనులు వదిలేశాం. లేత బూడిదరంగు చుడీదార్ వేసుకుని వచ్చింది. నలభైఎనిమిదేళ్ళ మనిషి. అప్పటిదాకా ఆవిడ చీర తప్ప ఇంకోటి కట్టడం ఎవరూ చూడలేదు. అది కూతురి చుడీదారట, పొడుగు సరిపోక కింద ఒక జానెడు గుడ్డ అతికించుకుంది.

"ఇదేంటి సరోజినమ్మా?" అన్నారు షావుకారు గారు.

"చుడీదారండి."

"అది కనిపిస్తానే ఉంది. యూనిఫాం ఏదీ?"

"సంచీలో ఉందండి. ఎనిమిది రోజులు టైమివ్వండి. ఒక పూట ఇది, ఒక పూట అది వేసుకుని ఒకే కౌంటర్లో నిలబడతాను. ఏ బట్టల మీద వేసి చూపిస్తే జనం ఎక్కువ కొన్నారో ఈ అమ్మాయి లెక్క రాస్తుంది. మీ చీర గెలిస్తే నేను పని మానేస్తానండి. నన్ను మీరు తీసెయ్యక్కర్లేదు."

పన్నెండేళ్ళ ఉద్యోగం, కూతురి చదువు, అన్నీ తీసుకొచ్చి నా పెన్సిలు మొన మీద పెట్టింది. ఆయన నావైపు చూసి "మళ్ళీ ఈ అమ్మాయేనా లెక్క?" అన్నారు. "ఈ అమ్మాయేనండి. ఒకసారి తప్పు చేసింది కాబట్టి ఈసారి చెయ్యదు" అంది సరోజినక్క.

"సరే, ఎనిమిది రోజులే" అన్నారాయన. ఈసారి నేను తప్పు చెయ్యలేదు. పొద్దున వచ్చేవాళ్ళు చూసి పోతారు, సాయంత్రం వచ్చేవాళ్ళు కొని పోతారు. అది మాకందరికీ తెలుసు. అందుకని ఒకరోజు పొద్దున చుడీదార్, సాయంత్రం చీర అయితే, మర్నాడు పొద్దున చీర, సాయంత్రం చుడీదార్ అని నేనే నియమం పెట్టాను. చీర మార్చుకోడానికి గోడౌన్లో రెండు బేళ్ళ మధ్య దుప్పటి కట్టాం. భుజాన వేసిన ప్రతి చీరకీ ఒక నిలువు గీత, కొంటే ఆ గీత చుట్టూ సున్నా. ఆ సంగతి విని షావుకారు గారు మర్నాటి నుంచీ కుర్చీ తెచ్చుకుని మా కౌంటర్ ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆరో రోజు మధ్యాహ్నం కొల్లూరు నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. అరటితోటల వాళ్ళు, నిశ్చితార్థం చీర కావాలన్నారు. యూనిఫాం పూట అది. సరోజినక్క వంగపండు రంగు పట్టుచీర భుజాన వేసుకుని నిలబడింది. తల్లి మొహం చిట్లించి, "ఎండిపోయిన వంకాయలా ఉంది తల్లీ, తీసెయ్" అంది. వాళ్ళు ఇంకో గంట అవీ ఇవీ చూశారు. ఈలోగా పూట మారింది. అక్క చుడీదార్ వేసుకొచ్చి, అదే చీర మళ్ళీ భుజాన వేసుకుంది. కూతురు లేచి నిలబడింది. తల్లి చెయ్యి చాచి కొంగు పట్టుకుని, "ఇంత మంచిది లోపల దాచుకుని ఇందాకటి ఎండువంకాయ చూపిస్తారా మాకు? ఏం మనుషులమ్మా మీరు!" అని తగాదా వేసుకుంది. అది ఇదేనండి అంటే వినదు. ఆఖరికి షావుకారు గారే లేచి, అంచు మీద చీటీ నంబరు చూపించి, ఆ నంబరు చీర ఇదొక్కటేనని ఒప్పించాల్సి వచ్చింది. ఆ గీతకి సున్నా చుట్టడం నాకు ఇప్పటికీ గుర్తే. పెన్సిలు కాగితంలో దిగబడింది.

ఎనిమిదో రోజు సాయంత్రానికి లెక్క తేలింది. యూనిఫాం మీద వేసి చూపినవి నూటపన్నెండు, కొన్నవి ఇరవైఆరు. చుడీదార్ మీద వేసినవి నూటపది, కొన్నవి నలభైమూడు. మూడుసార్లు కూడి చూశాను. శుభ్రంగా ఎత్తి రాసి అక్కకి చూపించాను. ఆవిడ చదివి కాగితం తిరిగి ఇచ్చింది.

"ఇంకో లైను రాయి. ఈ చీర మాకు నచ్చలేదు అని."

"అది లెక్క కాదక్కా. ఆయన ఒప్పుకోరు."

"అమ్మకాల లెక్క ఆయన కోసం రాశావు. మరి మన మాటో? రేపు ఇంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకోటి తెచ్చి, దానివల్ల అమ్మకాలు పెరిగితే కట్టుకుంటామా? పదకొండు మందిని అడుగు. ఎందరు నచ్చిందన్నారో, ఎందరు లేదన్నారో రాయి. అప్పుడది లెక్కే."

అడిగాను. ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి అడిగాను. మా ఇద్దరితో కలిపి తొమ్మిదిమంది నచ్చలేదన్నారు. ఇద్దరు నచ్చిందన్నారు. వాళ్ళలో ఒకావిడ "పొద్దున్నే ఏం కట్టుకోవాలా అని బీరువా ముందు నిలబడక్కర్లేదు, హాయిగా ఉంది" అంది. ఆ ఇద్దర్నీ వదిలేద్దామా అని నా మనసు పీకింది. వదిలేస్తే మన వరస ఇంకా బాగుంటుంది. అక్క కాగితం చూసి ముందు అడిగింది వాళ్ళ గురించే. "వాళ్ళూ కట్టుకునేవాళ్ళే కదా. వాళ్ళ మాట ఎక్కడ రాశావు?"

షావుకారు గారు కాగితం మొత్తం చదివారు. అమ్మకాల వరసలు దాటి ఆఖరి లైను దగ్గర ఆగారు. తలెత్తి, కాస్త నొచ్చుకున్నట్టు, "నచ్చలేదని ముందే ఒక్కమాట చెప్పొచ్చుగా సరోజినమ్మా" అన్నారు.

"మీరు అడగలేదండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నాక మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, "సరే, ఇప్పుడు అడుగుతున్నా. ఏం కావాలి?" అన్నారు. పదకొండు మందిమీ ఒకేసారి మాట్లాడాం. ఆ గోలకి కింద మగవాళ్ళ బట్టల సెక్షన్లోంచి మనుషులు పైకొచ్చి చూశారు. లేత బూడిదరంగు ఖాయమైంది. చుడీదార్ కావాలన్నవాళ్ళకి చుడీదార్, చీరే కావాలన్న ఆ ఇద్దరికీ అదే రంగు నూలుచీర. బట్టలు మార్చుకోడానికి గోడౌన్ పక్కన గడియతో ఒక గది. పదిహేను రోజుల తర్వాత నాగమణి కట్టు విప్పేసి, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని పై మెట్టుదాకా ఎక్కి, అక్కణ్ణించి మా అందరికీ వినబడేలా "మూడో చెయ్యి దొరికిందక్కోయ్!" అని అరిచింది. సరోజినక్క అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం.

తర్వాత నేను కొట్టు మానేసి రేపల్లెలో ఈ షెడ్డు పెట్టుకున్నాను. ఆసుపత్రులకీ, కొట్లకీ, రొయ్యల ఫ్యాక్టరీలకీ యూనిఫాంలు కుడతాం. ఆర్డరిచ్చేది యజమానులే అయినా, కొలతలు తీసేముందు తొడుక్కునేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కర్నీ విడిగా అడుగుతాను. అవునన్నదీ, కాదన్నదీ రెండూ రాస్తాను. కొందరు యజమానులు విసుక్కుంటారు. అయినా సరే, అడగకుండా ఇంతవరకూ కత్తెర పెట్టలేదు. సరోజినక్క ఇప్పుడు బాపట్లలోనే, నర్సయిన కూతురి దగ్గర ఉంటోంది. పోయిన నెల ఒక ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళకి కోట్లు కుట్టాం. అడిగితే ఒకావిడ "రంగు ఏదైతే ఏంటమ్మా, ఇప్పుడున్న కోటుకి జేబు లేదు. ఫోను జాకెట్లో పెట్టుకుని వంగలేక చస్తున్నాం" అంది. మిగతావాళ్ళూ అదే అన్నారు. కుట్టిన ఇరవైఎనిమిదింటికీ జేబులు పెట్టించి, ఆ సంతోషం పట్టలేక అక్కకి ఫోన్ చేశాను.

"జేబు కుడివైపు పెట్టావా, ఎడమవైపా?" అంది.

"ఇరవైఐదింటికి కుడివైపక్కా. మూడింటికి ఎడమవైపు. ఎడమచేతివాటం వాళ్ళు ముగ్గురున్నారు."

"అది కూడా లెక్కపెట్టావుటే?"

"లేదక్కా. అడిగాను."