ఖాళీ క్యారియర్ పంపరాదు

నా విదేశీ విద్య ఆళ్లగడ్డ బస్టాండులో మొదలైంది. డెబ్బైల చివర్లో పదో తరగతి గట్టెక్కిన నన్ను ఇంటర్మీడియట్ చదవడానికి నంద్యాల పంపించారు. దూరం పాతిక మైళ్లు. మా వీధివాళ్లు సాగనంపిన తీరు చూస్తే మాత్రం నేను ఓడ ఎక్కుతున్నానని ఎవరైనా అనుకుంటారు. ఒకామె బొట్టు పెట్టి ఏడ్చింది. ఒక పెద్దాయన నా చెవిలో "ఆడి నీళ్లు అరగవు, కాంచుకోని తాగు" అని రహస్యం చెప్పాడు. ఆయన జన్మలో శిరివెళ్ల దాటి ఎరగడు. మా లెక్కలో శిరివెళ్ల సరిహద్దు చౌకీ. అక్కడ బస్సు ఆగితే నేను ఎందుకైనా మంచిదని ట్రంకు పెట్టె తాళం చెవి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ సోదా చేయలేదు. కాస్త చిన్నతనంగా అనిపించింది.

నంద్యాలలో రైలుంది, మాకు లేదు. మొదటిరోజు తెల్లవారుజామున అది కూత పెట్టగానే చాప, దుప్పటి, ట్రంకు పెట్టెతో సహా వరండాలోకి వచ్చి నిలబడ్డాను. రిక్షావాళ్లు బెల్లు కొట్టినప్పుడల్లా నన్నే పిలుస్తున్నారనుకుని ఆగి, "ఏందన్నా" అని అడిగేవాణ్ణి. వారం రోజుల్లో ఊళ్లోని రిక్షావాళ్లంతా నన్ను గుర్తుపట్టి దూరం నుంచే పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టారు. కాలేజీలో "యా ఊరు మీది?" అని అడిగితే "ఆళ్లగడ్డ" అన్నాను. బెంచీ మీదున్న ముగ్గురూ పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి జరిగారు. మా ఊరికి అప్పట్లో అంత పేరు. ఆ ఏడాదంతా ఆ బెంచీ మీద నేనొక్కణ్ణే జమీందారులా కూర్చుని చదివాను.

నాకు గది దొరికింది ఒక టీచరమ్మ ఇంట్లో. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టి, నల్లటి బైబిలు చంకన పెట్టుకుని చర్చికి వెళ్లే మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు, భయమూ లేదు. మాది నాలుగు తరాల సేద్యపు ఇల్లు, ఆచారం భూమికంటే ఎక్కువగా ఉన్న ఇల్లు. మా నాయన గది చూసి, చదువు చెప్పే మనిషి ఇంట్లో ఉంటే మంచిదేనని ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"ఉండు, పండుకో, సదువుకో. కొళాయి నీళ్లు తాగు, అవి గవర్నమెంటువి, తప్పు లేదు. ఆ ఇంట్లో అన్నం ముద్ద ముట్టినావంటే మాత్రం ఆ పొద్దే వచ్చి మూట గట్టి తీసకపోతా. ఎద్దులు నీకోసమే చూస్తాండాయి."

ఆ ఎద్దులు నాకు బాగా తెలుసు. వాటి వెనక నడవడం కంటే రసాయన శాస్త్రం నయం. అందుకని రోజూ పొద్దున బస్సులో నాలుగు గిన్నెల క్యారియర్ వచ్చేది. కండక్టరన్న దాన్ని తన సీటు కింద పెట్టుకుని తెచ్చి బస్టాండులో నా చేతికిచ్చేవాడు. సాయంత్రం బస్సుకు ఖాళీది తిరిగి వెళ్లేది.

మూడోరోజు నేను క్యారియర్ కడుగుతుంటే టీచరమ్మ చూసింది.

"ఖాళీది పంపుతాండావా అప్పా? మీ అమ్మ ఏమనుకుంటాది, నంద్యాల్లో మనుషులే లేరా అనుకోదూ?"

ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగివ్వరాదన్న నియమం ఆమెకు బైబిలు వాక్యమంత పవిత్రం. పై గిన్నెలో నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. నేను భయపడి "అంగట్లో కొన్నాను" అని చీటీ రాసి లోపల పెట్టాను. మరుసటి రోజు క్యారియర్‌లో రోటి పచ్చడితో పాటు అమ్మ చీటీ వచ్చింది: "ఊరిబిండి టీచరమ్మకియ్యి. అంగడోళ్లు అంత బాగా ముక్క కోయరు లే. మీ నాయనకు చెప్పలేదు."

అలా మొదలైంది. టీచరమ్మ గులాబి పువ్వుల పిండివంట చేసి పంపితే అమ్మ ఓళిగలు పంపింది. ఈమె చింతకాయ తొక్కు పంపితే ఆమె చెనిగ్గింజల పొడి. ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు లొంగకుండా మూడు నెలలు పోరాడారు. యుద్ధభూమి నా క్యారియర్. టీచరమ్మ వంతు ఒక గిన్నె నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు పెరిగింది. చివరికి అమ్మ తన కొడుక్కి అన్నం పంపుతున్న సంగతే మరచిపోయింది. నాకు మిగిలింది అడుగు గిన్నె, అందులో పెరుగన్నం. నా చొక్కా నాకే దుప్పటిలా తయారైంది.

టీచరమ్మ ఒకరోజు నన్ను పైకీ కిందికీ చూసి, "పిట్ట మాదిరి అయినావు. కూచో" అని కంచం పెట్టింది. షరతు గుర్తొచ్చింది. ఎద్దులు గుర్తొచ్చాయి. వేడి పప్పు వాసన కూడా వచ్చింది. కూర్చున్నాను. ఆ రోజు నుంచి నేను నేరస్థుణ్ణి, కాకపోతే ఒళ్లు చేస్తున్న నేరస్థుణ్ణి.

ఆళ్లగడ్డలో నాయన అంగడి ఊరగాయను కొనియాడుతూ తింటున్నాడు. పొద్దున రెండు జొన్నరొట్టెలు తినే మనిషి ఐదుకు చేరాడు. ఆ ఏడు మా తాలూకాలో జొన్నలకు కరువొచ్చిందంటే అదే కారణమని నా అనుమానం.

ఒక శనివారం విత్తనాల కోసం నంద్యాల వచ్చి, మధ్యాహ్నం కాలేజీ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఆ ఊరగాయ అంగడి చూపీ రా."

రెండు గంటలు ఊరంతా తిప్పాను. రైలు స్టేషను చూపించాను. కాలువ చూపించాను.

"యాడ రా అంగడి?"

"మూసేసినారు నాయనా."

"మూసినా తలుపన్నా ఉండల్ల గదా?"

ఎండకు ఇద్దరం వాడిపోయి గదికి చేరాం. ఒంటిపూట బడి ముగించుకుని వచ్చిన టీచరమ్మ గడపలోంచే కేకేసింది. "నీ కంచం పెట్టి ఎంతసేపాయె, యాడికి పోయినావప్పా?"

నాయన లోపలికి చూశాడు. పీట, కంచం, పక్కన నిమ్మకాయ ఊరగాయ జాడీ. నాకు ఎద్దుల మెడగంటలు వినిపించాయి.

"అంగడి ఇదేనా?" అన్నాడు.

"అవును నాయనా."

"అన్నం గూడా ఈ అంగట్లోదేనా?"

టీచరమ్మ బయటికొచ్చింది. "ఏందన్నా, నా ఊరగాయ మూడు నెల్లుగా మీరు తింటాండారు. పిల్లోడు అన్నం తింటే తప్పా?"

నాయన అడ్డంగా తల ఊపాడు. "ఊరగాయ వేరే మ్మా. అది నూనె, ఉప్పు. దానికి అంటు లేదు. నేను చెప్పింది అన్నం సంగతి."

"సరే. అట్లయితే ఒట్టి ఊరగాయ తినుపో" అని ఆమె పీట వేసి, కంచంలో నాలుగు ముక్కలు పెట్టింది.

ధర్మానికి కట్టుబడిన మనిషి కదా, కూర్చున్నాడు. మొదటి ముక్క నిబ్బరంగా తిన్నాడు. రెండో ముక్కకు చెవులు ఎర్రబడ్డాయి. మూడో ముక్కకు కళ్లలోంచి కారిన నీళ్లతో ఒక మడి తడిచేది. టీచరమ్మ గోడకానుకుని చూస్తోంది, నీళ్లు కూడా ఇవ్వలేదు. నాలుగో ముక్క చేతిలోకి తీసుకుని, ఆమెను చూడకుండా నావైపు తిరిగి అన్నాడు: "వీనికి ఎట్లాగూ వండినావు గదా. దాంట్లోనే ఒక ముద్ద..."

మూడుసార్లు పెట్టించుకున్నాడు. పెరుగు దగ్గర "ఇంకొంచెం పొయ్యి మ్మా" అన్నప్పుడు నాకు అర్థమైంది, ఎద్దులు మరో మనిషిని వెతుక్కోవాల్సిందేనని.

సాయంత్రం టీచరమ్మ క్యారియర్ నిండా చిత్రాన్నం పెట్టి నాయన చేతికే ఇచ్చింది. బస్టాండులో ఆయన గొంతు తగ్గించి, "మీ అమ్మకు చెప్పద్దు రా" అన్నాడు. చెప్పనని ఒట్టేశాను. అమ్మకు తెలియంది చెప్పడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఆ ఒట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మరుసటి రోజు కండక్టరన్న చెప్పాడు. నాయన క్యారియర్‌ను సీటు కింద పెట్టనివ్వలేదట, ఒళ్లోనే పెట్టుకున్నాడట. శిరివెళ్లలో ఎక్కిన మా ఊరి పెద్దాయన ఒకడు ముక్కు ఎగబీల్చి, "ఏంది అన్నా దాంట్లో, ఊరగాయనా?" అన్నాడట. నాయన మూత మీద రెండు చేతులూ వేశాడట.

"కాదు లే," అన్నాడట. "అన్నం."