లేటుగా వచ్చినోడికి పులిహోర

ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడి కూడా నన్ను మానేసిందని మా లెక్కల మాస్టారు నలుగురిలో సంతోషంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత సెంట్రింగ్ పనిలో చేరాను. స్లాబు పోసేటప్పుడు కింద కర్రలు నిలబెట్టి, వాటి మీద ఇనప షీట్లు పరిచి, కాంక్రీటు గట్టిపడేదాకా ఆ బరువు మోయించే పని. జగ్గయ్యపేటలో, నందిగామలో చాలా ఇళ్లు కొన్నాళ్లు నా కర్రల మీద నిలబడి, ఆ తర్వాతే సొంత కాళ్ల మీద నిలబడ్డాయి. "నేను లేకపోతే మీ ఇంటికి కప్పు లేదు" అని అందరినీ ఆటపట్టించేవాణ్ణి. ఒక్క ఇంటి విషయంలో మాత్రం ఆ మాట తిరగబడింది. నేను ఉండబట్టే ఆ ఇంటికి స్లాబు పడలేదు.

మాకో ఇళ్ల సంఘం ఉంది. తాపీ పనివాళ్లు, డ్రైవర్లు, టైలర్లు, చిన్న కొట్లవాళ్లు కలిసి పెట్టుకున్నది. బ్యాంకుకి వెళితే వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయే రకం మేమంతా. నెలనెలా పదో తారీకులోపు అందరం కొంత కట్టాలి. అలా పోగైనదాంట్లోంచి, వరసలో ఉన్నవాళ్లకి ఇల్లు కట్టుకోవడానికి తక్కువ వడ్డీకి అప్పిస్తారు. ఇచ్చేది మేమే, తీసుకునేది మేమే, మిగిలితే అదీ మాదే. ఇంట్లో గోడవతలి గదిలోకి వెళ్లి అప్పు తెచ్చుకున్నట్టు ఉంటుందని నేను నవ్వేవాణ్ణి.

సంఘానికి సొంత ఆఫీసు కడదామని ఎప్పుడో నందిగామ అవతల హైవే పక్కన కాస్త స్థలం కొన్నారు. ఆఫీసు లేవలేదు గానీ తుమ్మచెట్లు లేచాయి. రాజధాని మాట పుట్టాక ఆ వైపు స్థలాలకి రెక్కలొచ్చాయి. మావాళ్లు కొన్నాళ్లు చూసి, మంచి రేటు రాగానే అమ్మేశారు. ఆ లాభం సభ్యులకి పంచుతామన్నారు. నా లెక్కలో చెప్పాలంటే, ఒక్కొక్కరి వాటాకీ రెండు గదుల స్లాబుకి సరిపడా ఇనుమూ సిమెంటూ వస్తాయి.

ఆ కబురు విని అందరికన్నా ఎక్కువ సంబరపడింది టైలరమ్మ. ఆవిడకి పేరుంది గానీ నేను అలాగే పిలిచేవాణ్ణి. భర్త ముక్త్యాల నుంచి సిమెంటు లోడు వేసుకుని తిరిగే లారీ డ్రైవరు. "దేశానికంతా సిమెంటు మోస్తాడు, మా ఇంటికి మాత్రం బస్తా రాదు" అని ఆవిడే అనేది. సంఘం అప్పుతో ఊరి చివర ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచేసరికి డబ్బు అయిపోయింది. అద్దె అయినా మిగులుతుందని పిల్లలిద్దరితో ఆ గోడల మధ్యకే వచ్చేసి, పైన నీలం పట్టా కట్టుకున్నారు. పిల్లర్ల మీద ఊచలు ఆకాశంలోకి నిక్కి ఉండేవి. అవి తుప్పు పట్టకుండా ఏడాదికోసారి ఆవిడే నిచ్చెనెక్కి సిమెంటు పాలు పూసేది.

"పంపకం రాగానే స్లాబేనన్నా. వానలకి ముందే అయిపోవాలి. సెంట్రింగ్ నీదే."

"కూలీ వద్దులేమ్మా. బిర్యానీ పెట్టు."

"నీకు బిర్యానీ పెట్టేకన్నా కూలీ ఇవ్వటమే చవక" అంది.

ఇక్కడ, ఆ ఏడాది అంతకు కొన్ని నెలల ముందు జరిగిన ఓ చిన్న సంగతి చెప్పాలి. ఒక నెల నా దగ్గర కట్టడానికి డబ్బుల్లేవు. జబ్బు చేసిందీ లేదు, ఆపద వచ్చిందీ లేదు. కొత్త ఫోను కొన్నాను. పదో తారీకు సాయంత్రం సంఘం ఆఫీసు వరండాలో లైన్లో నిలబడి, గుమస్తాకి ఏం జోకు చెప్పి రెండు రోజులు ఆపించాలా అని ఆలోచిస్తున్నాను. నా వెనకాలే టైలరమ్మ ఉంది.

"ఏందన్నా, ఇవాళ నోరు పెగలట్లా?"

"జేబు పెగలట్లేదమ్మా."

ఆవిడ నవ్వి, మడిచి పట్టుకున్న తన డబ్బు నా చేతిలో పెట్టింది. "ముందు నీది కట్టెయ్. యూనిఫారాలు కుట్టిన డబ్బులు రేపొస్తయ్. నేను రేపు కడతా."

"నీకు లేటు పడిద్ది."

"ఒక్క రోజు లేటయితే ఏమైద్ది, ఇల్లు కూలిద్దా? కప్పే లేదు కూలటానికి."

మర్నాడు ఆవిడకి యూనిఫారాల డబ్బులు రాలేదు. నేనేమో పదిహేనో తారీకున గానీ తిరిగి ఇవ్వలేదు. ఆ సాయంత్రమే వెళ్లి కట్టింది. గుమస్తా ఆవిడ పాస్‌బుక్కులో ఎర్ర ఇంకుతో 'లేటు' అని రాసి కింద గీత గీశాడు. నా పుస్తకంలో అంతా నీలమే. ఆ విషయం మేమిద్దరం అక్కడితో మరిచిపోయాం.

పంపకం మీటింగు జగ్గయ్యపేటలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నందిగామ సభ్యులు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. హాలు వెనక వంటలవుతున్నాయి. పులిహోర తాలింపు వాసన స్టేజీదాకా వస్తోంది. సంఘానికి అధ్యక్షుడు ఒక పాత తాపీ మేస్త్రి, అందరం పెద్ద మేస్త్రి అంటాం. ఆయనే ముందు లేచాడు.

"స్థలం కొన్న రోజున ఎవరు ఏ తారీకున కట్టారని మనం అడగలా. అందరి డబ్బుతోనే కొన్నాం. అమ్మిన రోజున మాత్రం ఎందుకడగాలి? అందరికీ సమానంగా పంచుదాం."

కార్యదర్శికి హార్డ్‌వేర్ కొట్టుంది. ఆయన లేచి, "అట్లయితే టైముకి కట్టినోడికీ తిప్పించుకున్నోడికీ తేడా ఏముందండీ? నెలనెలా టైముకి కట్టినోళ్ల వల్లేగా సంఘం నిలబడింది? ఈ ఏడాదిలో ఒక్క లేటు కూడా లేనోళ్లకే ఇద్దాం. వాళ్లకి కాస్త ఎక్కువొచ్చిద్ది, మిగతావాళ్లకి బుద్ధొచ్చిద్ది" అన్నాడు.

ఇద్దరి మాటలోనూ న్యాయం కనపడింది. ఎటు మొగ్గాలో తెలియక హాలంతా చప్పుడు లేకుండా కూర్చుంది. నాలుగొందల మంది నోరు మూసుకుని కూర్చుంటే నాకు దురద. బళ్లో కూడా అంతే, మాస్టారు ప్రశ్న అడిగి ఆగారంటే, జవాబు రాకపోయినా ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఆ రోజూ అనేశాను.

"పెళ్లికి లేటుగా వచ్చినోడికి పులిహోర ఎక్కడుంటది సార్? గిన్నె గీక్కోటమే!"

హాలు విరగబడి నవ్వింది. వెనక వంటవాళ్లు కూడా నవ్వారు. పెద్ద మేస్త్రి చెప్పబోయిందేదో ఆ నవ్వులో కలిసిపోయింది. ఆ ఊపులోనే కార్యదర్శి, "సరే అనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. లేచాయి చేతులు. నాదీ లేచింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, నా జోకు ఎంత దూరం పోయిందో చూసుకుందామని వెనక్కి తిరిగాను. ఆడవాళ్ల వరసలో టైలరమ్మ తన పాస్‌బుక్కు ఒళ్లో తెరిచి పెట్టుకుని ఉంది. ఆ పేజీ ఏదో నాకు అంత దూరం నుంచే తెలిసిపోయింది.

చేతులెత్తడం వేరు, చేతులెత్తేయడం వేరు. ఆ రోజు నేను రెండూ ఒక్క చేత్తోనే చేశాను.

చెప్పకుండా ఉండలేదు. లేచాను. "సార్, టైలరమ్మ లేటు ఆవిడది కాదు సార్. నాది. నా లేటు ఆవిడ పుస్తకంలో పడింది."

మళ్లీ నవ్వులు. నందిగామ వరసల్లోంచి ఎవడో అరిచాడు. "నీ లేటు ఆవిడ పుస్తకంలో ఎట్టా పడిందయ్యా? ఇద్దరిదీ ఒకటే పుస్తకమా ఏంది?"

ఇంకా పెద్ద నవ్వు. టైలరమ్మ చున్నీ ముందుకి లాక్కుంది. ఇంకో మాటంటే ఆవిణ్ణి ఇంకెంత అల్లరి పెడతారోనని భయమేసింది. ఆ భయం నాకు భలే అక్కరకొచ్చింది. కార్యదర్శి, "ఈయన జోకులకి అంతుండదు గానీ లేవండి, విస్తళ్లు వేస్తన్నారు" అన్నాడు. 'ఇది జోకు కాదు' అన్న మూడు ముక్కలు అనడానికి నాకు నోరు రాలేదు. వెళ్లి బంతిలో కూర్చున్నాను. పులిహోర తిన్నాను. బాగుంది కూడా. టైలరమ్మ తినకుండానే వెళ్లిపోయింది.

చెక్కు రాగానే మార్చి, ఆ డబ్బు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. పట్టా కింద వెలుతురంతా నీలంగా ఉంది. ఆవిడ మిషను కుడుతోంది. కవరు బల్ల మీద పెట్టాను.

"ఏందన్నా ఇది?"

"నీ వాటా."

"నా వాటా అయితే నా పేరున రావాలిగా?"

"ఎవరి పేరునయితే ఏమమ్మా, స్లాబుకి పేరు తెలుసా?"

మిషను ఆపింది. "నువ్విస్తే దానం అయిద్దన్నా. సంఘం ఇస్తేనే వాటా. ఇన్నేళ్లు కట్టా నేను. సూది పోట్లు పడి కట్టా. లిస్టులో నా పేరు లేకుండా నువ్వు తెచ్చిస్తే, నేను ఎగ్గొట్టిన మనిషినే అయితా."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"కాగితం రాసియ్యి. ఆ నెల నా డబ్బుతో నువ్వు కట్టావని. అభ్యంతరాలుంటే నెలలోపు ఇమ్మన్నారుగా. నీ సంతకం ఉంటే నా ఎర్రగీత పోయిద్ది."

"అప్పుడు అది నాకు పడిద్దిగా" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "పడాల్సింది నీకేగా అన్నా."

ఇవాళే రాస్తానని చెప్పి, కవరు తీసుకుని వచ్చేశాను.

ఆ వారంలోనే మైలవరంలో ఓ కాంట్రాక్టరు పని మానుకుంటూ తన సెంట్రింగ్ షీట్లు అయినకాడికి అమ్మేస్తున్నాడని తెలిసింది. ఎన్నాళ్లనుంచో సొంత షీట్లు లేక అద్దెకి తెచ్చుకుంటున్నాను. చేతిలో కవరుంది. కొనేశాను. ఇక కాగితం రాస్తే ఆ వాటా సంఘానికి తిరిగి కట్టాలి. కట్టాలంటే షీట్లు అమ్మాలి. అప్పటినుంచి నాకు పెన్ను కనపడడం మానేసింది. చేతిరాత బాగుండదనుకున్నాను. వీరులపాడులో పని ఒప్పుకున్నాను, తీరిక లేదనుకున్నాను. నేను ఇంతకాలం జనానికి చెప్పిన జోకులన్నీ ఒక ఎత్తు, ఆ నెలలో నాకు నేను చెప్పుకున్నవి ఒక ఎత్తు.

"రాశావా అన్నా?" అని ఫోన్ చేసింది. ఏ ఫోను కోసం ఆవిడకి లేటు పడిందో ఆ ఫోనుకే చేసింది.

"ఫెయిరు చేస్తున్నానమ్మా."

మళ్లీ ఓసారి చేసింది. "ఇంకా నాలుగు రోజులే ఉందన్నా."

"తెలుసు తెలుసు."

మూడోసారి చెయ్యలేదు. ఆ చెయ్యకపోవడమే నన్ను కూర్చోబెట్టి రాయించింది. మొత్తం ఆరు లైన్లు. దానికి నెల పట్టింది. తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. కార్యదర్శి కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"ఇది నిజమేనా?"

"నిజం సార్."

"మరి ఆ రోజు మీటింగులోనే చెప్పొచ్చుగా?"

"చెప్పా సార్. నవ్వారు."

"నువ్వు చెప్తే నవ్వక ఏం చేస్తారయ్యా?" అన్నాడు. కోపంగా అనలేదు, బాధగానే అన్నాడు. కాగితం మడిచి నా చేతికే ఇచ్చేశాడు. "నిన్నటితో గడువైపోయింది. అంతా ముగించి సంతకాలు కూడా అయినయ్. పెళ్లికి లేటుగా వచ్చినోడికి..." అంటూ ఆగిపోయాడు. మిగతాది అనలేదు. నాకు తెలియనిదా?

షీట్లు అమ్మి నా వాటా వెనక్కి కడతానన్నాను. "కట్టు. ఎవరి పేరున రాసుకోమంటావు?" అన్నాడు. అడిగినవాడికీ తెలియదు, నాకూ తెలియదు. షీట్లు అమ్మలేదు. అవే షీట్ల మీద అప్పటినుంచి ఎంతమంది ఇళ్లకి స్లాబులు పోశానో.

టైలరమ్మ సంఘంలోంచి తన పొదుపు తీసేసుకుంది. వానలకి ఇంకో పది రోజులుందనగా ఫోన్ చేసింది. "పనుందన్నా, కటింగ్ మిషను తీసుకురా."

వెళ్లేసరికి గోడ పక్కన సిమెంటు రేకులు, ఇనప పైపులు ఉన్నాయి. పొదుపు డబ్బు వాటికే సరిపోయిందట. పైపులు వెయ్యడానికి పిల్లర్ల మీది ఊచలు అడ్డం. కొయ్యాలి. పిల్లర్ మీది ఊచ కోశామంటే, ఇక ఆ ఇంటికి స్లాబు అనే ఆలోచన లేదని అర్థం. అది ఆవిడకీ తెలుసు.

"వంచి వదిలేద్దామమ్మా. ఎప్పటికైనా పనికొస్తయ్" అన్నాను.

"కొయ్యన్నా."

నిచ్చెనెక్కి కోశాను. ఒక్కో ముక్కా కింద పడుతుంటే పిల్లలు ఏరి పక్కన పేర్చారు. సిమెంటు పాలు పొరలుపొరలుగా రాలిపోయాయి. లోపల ఇనుము నిన్న కొన్నదానిలా మెరిసింది. ఇన్నేళ్లలో ఒక్క చోట కూడా తుప్పు పట్టనివ్వలేదు ఆవిడ.

కిందికి దిగాక మంచినీళ్లిచ్చింది. "ఏందన్నా, ఇవాళ జోకేం లేదా?"

లేదన్నట్టు తలూపాను.

"కూలీ ఎంత?"

"వద్దమ్మా."

"తీసుకో" అని చేతిలో పెట్టింది. ఆ రోజు వరండాలో లైన్లో పెట్టినట్టే, మడిచి పెట్టింది. తీసుకున్నాను.