దేవకృప పాడని పాట

దేవకృప సినిమాల్లోకి వెళ్లి చెడిపోయిందని మా చర్చి సంఘంలో ఇప్పటికీ అంటారు. ఆమె నోరు నొక్కినవాళ్లు ఇద్దరు: సంఘం పెద్ద జీవరాజు, గురువు బ్రహ్మచారి. ఇద్దరూ పెద్దమనుషులుగానే తిరుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆమె తండ్రి జకర్యా సికింద్రాబాదు మిషన్ బడిలో పంతులు. చర్చిలో ఆ పిల్ల కీర్తన పాడుతుంటే గోడ బయట నిలబడి విన్న కంసాలి బ్రహ్మచారి, తానే ఇంటికొచ్చి సంగీతం నేర్పుతానన్నాడు. తొమ్మిదేళ్లు నేర్పాడు. ఆయన శిష్యులకు ఒకటే కట్టడి, సినిమా హాలు గడప తొక్కకూడదు. తాను జన్మలో తొక్కలేదని ఒట్టేసి చెప్పేవాడు.

ఆమె ఏకంగా తెర మీదికే ఎక్కింది. మద్రాసులో ఐదు సినిమాల్లో వేషాలు కట్టి, తన పాటలు తానే పాడుకుని పేరు తెచ్చుకుంది. గురువు ఆమె పేరెత్తడం మానేశాడు. సంఘం ఆమె పేరు సభ్యుల పుస్తకంలోంచి కొట్టేసింది. ఆరో సినిమాకు పద్ధతి మారింది. పాట ఇంకో అమ్మాయి చేత పాడించి, ఈమె చేత పెదవులు కదిలించారు. అది మింగలేక నలభై ఏడులో తిరిగొచ్చింది.

తండ్రి పోయాడు, తల్లి మంచం పట్టింది. మిషన్ బడిలో సంగీతం టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది, కానీ సంఘం పుస్తకంలో పేరుంటేనే ఇస్తారు. జీవరాజు "చూద్దాంలేమ్మా" అన్నాడు. రజాకార్ల భయంలో ఏడాది గడిచింది. ఎవరి పాపాలూ ఎవరికీ గుర్తు రాలేదు. సెప్టెంబరులో మిలిటరీ దిగింది, నిజాం లొంగిపోయాడు, అందరికీ విడుదల. దసరాకల్లా మద్రాసులో ఆగిపోయిన సినిమా డబ్బాలు రైలెక్కి వచ్చాయి. మొదట ఆడింది ఆమె ఆరో సినిమానే.

అందులో తాగుబోతు పక్కన కూర్చుని పాడే పాట ఒకటుంది. నెల తిరక్కుండా రిక్షావాళ్ల నోట పడింది.

ఒక మధ్యాహ్నం బ్రహ్మచారి ఆమె గుమ్మంలోకొచ్చాడు. మాది పక్క వాటా, మాటలు వినపడ్డాయి.

"గా పాట నీది కాదు బిడ్డా. చరణం కాడ ఆ పిల్లకు ఊపిరి సాలలే. నువ్వైతే గట్ల తెంపవు."

"మీరు చూశారా గురువుగారూ?"

"తువ్వాల కప్పుకొని పోయిన. ఎవరికి చెప్పకు."

ఆమె నవ్వగా విని ఎన్నాళ్లయిందో.

పేరు మళ్లీ ఎక్కించాలంటే ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పులు ఒప్పుకోమన్నారు. వేషాలు ఒప్పుకుంది. ఐదు సినిమాల పాటలూ ఒప్పుకుంది.

"ఆ తాగుబోతు పాట?" అన్నాడు జీవరాజు.

"అది నేను పాడలేదండి."

జనం కిసుక్కున నవ్వారు.

"దేవుని బల్ల ముందు కూడా అబద్ధమేనా తల్లీ? మీ గురువునే పిలిపిద్దాం. నీ గొంతు కాదని ఆయనంటే సరే."

బ్రహ్మచారి కొట్టు ఎదురుగానే. వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. తన దగ్గర నేర్చుకునే పిల్లల తల్లులు నలుగురు లోపలే కూర్చుని ఉండడం చూశాడు.

"నేను సినిమా మొకం సూడనయ్యా. నాకేమెరుక?"

ఆమె ఆయన వంక చూసింది. ఆయన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆయన సినిమా చూశాడని ఆమె ఒక్క మాటంటే ఆయన పరువు పోయేది. నేనూ అనగలను. మా అమ్మ పక్కనే ఉంది, బల్ల మీద ప్రభువు రొట్టె ఉంది, నేనూ అనలేదు.

"ఒప్పుకుంటున్నాను. పాడింది నేనే," అంది దేవకృప.

"చూశారా, మెత్తబడింది," అన్నాడు జీవరాజు సంతోషంగా.

పేరు పుస్తకంలోకెక్కింది, ఉద్యోగం వచ్చింది. మర్నాడు తన తంబూరా తీగలు నాలుగూ విప్పేసి, దాన్ని గురువు కొట్టుకు పంపించేసింది. ఇప్పుడు బడిలో హార్మోనియం మెట్లు నొక్కి పిల్లల చేత పాడిస్తుంది. తాను గొంతు కలపదు. పెళ్లిళ్లలో ఆ పాటే పాడమంటారు, లేచి వచ్చేస్తుంది.

బ్రహ్మచారి ఆ తంబూరాను కొట్టు గోడకు తగిలించాడు. గిరాకీ అడిగితే చెబుతాడు: "గా సినిమా పాట పాడినామె లేదా? నా శిష్యురాలే."