ఖుర్సీపార్ సందులో రత్నాన్ని వెతుక్కుంటూ

భిలాయి చూడాలని నేను వెళ్ళలేదు. తొంభైల నడిమిలో ఒకరోజు మా పిన్ని కూతురు రత్నం, అక్కనైన నాకు పక్కింటి ఫోన్ నుంచి "అప్పా, ఓసారి రా" అని పెట్టేసింది. దాని భర్త అక్కడి ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. ఇద్దరు పిల్లల తర్వాత మళ్ళీ నెల తప్పింది. ఒంట్లో రక్తం లేదు, కడుపు తీయించుకోవడమే మంచిదని సర్కారు ఆసుపత్రి డాక్టరమ్మ అంది. కానీ అంతవరకూ ఉచితంగా చేసే ఆ పనికి ఆ ఏడాది నిధులు ఆపేశారట. మందులు, సామాను బయట కొని తెమ్మన్నారని పిన్ని చెప్పింది. నా గాజులు కుదువ పెట్టి బయల్దేరాను.

విజయనగరంలో సాయంత్రం రైలెక్కితే రాయగడ మీదుగా రాయ్‌పూర్, అక్కడ లోకల్ మారితే భిలాయి. ఉదయం ఏడింటికి దిగాల్సిన దాన్ని పదకొండింటికి దిగాను. పట్టపగలే ఆకాశం తుప్పు రంగులో ఉంది. షేర్ ఆటోలో మూడు రూపాయలకు వాళ్ళుండే ఖుర్సీపార్ బస్తీ చేరాను. రత్నం ఇంటికి తాళం. పక్కింటి పైడమ్మ గొంతు తగ్గించి, "పొద్దున్నే ఎల్లిపోనాదమ్మా. ఆ ఎనక సందులో మంత్రసాని ఇంటికి. వద్దన్నాను, ఇంటేనా?" అంది.

ఆ ఇంటి గుమ్మం ముందు ఏడెనిమిది జతల ఆడవాళ్ళ చెప్పులున్నాయి. లోపల మాత్రం మనిషి అలికిడి లేదు. ఒక ముసలామె బేసిను కడుగుతోంది. తలెత్తకుండానే "ఇక్కడెవులూ నేరు" అంది.

"మరి ఈ చెప్పులు?"

"ఏసుకోడానికి మళ్ళీ రానేదు."

ఆమెను తోసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. తడి సిమెంటు నేల మీద రత్నం, మంచులా చల్లగా. చీర కుచ్చిళ్ళు నల్లగా తడిసిపోయాయి. "అప్పా, నేల ఊగుతోందా?" అంది.

రత్నాన్ని రోడ్డు మీదికి మోసుకొచ్చి ఒక ఆటో ఆపాను. ఆటో కుర్రాడు నెత్తురు చూసి కూడా వెనకాడలేదు. "పట్టుకోండి దీదీ, సుపేలా బజార్లో జామ్ ఉంటాది, పట్టాల పక్కనుంచి పోతాను" అన్నాడు. అదే సర్కారు ఆసుపత్రిలో గంటలోపే ఆపరేషను చేసి గర్భసంచి తీసేశారు, పైసా అడక్కుండా. ముందు లేని నిధులు అప్పుడు ఎక్కడివని అడిగితే నర్సు సెలైన్ సీసా మార్చడానికి వెళ్ళింది. రత్నం బతికింది. కానీ ఏడాది పాటు బిందె ఎత్తలేకపోయింది.

తర్వాత రెండుసార్లు వెళ్ళినప్పుడు ఆ ఇల్లు ఏదని అడిగాను. ఆ సందులో అలాంటి ఇల్లే లేదన్నారు అందరూ, ఒకే మాటగా. ఉచితం అనే ఒక్క మాట కొట్టేస్తే ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తారో ఆ ఊరికి తెలుసు. తెలియనట్టు ఉండడమూ తెలుసు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. రైళ్ళు ఆలస్యమవుతాయి. బయల్దేరే ముందే ఫోన్ చేసి, డబ్బు తెస్తున్నాను, నేనొచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకు అని చెప్పండి. నేను చెప్పలేదు.