కొట్టేసిన పేర్లు

మందు వాడినోళ్లు ఎన్నేండ్లు బతికిన్రో లెక్క తీసుడు నా పని. మహబూబాబాద్ బస్సుల కూసొని, దవాఖానకు రావడం మానేసిన గుండెజబ్బోళ్ల పేర్లు ఎర్రపెన్నుతోటి కొట్టేస్తున్న. పక్కన కూసున్న తండా అవ్వ ఆ గీతలు చూసింది.

"గీళ్లంత సచ్చిపోయిన్రా బిడ్డా?"

"తెల్వదవ్వా. మళ్ల రాలే, అందుకే లెక్కలకెల్లి తీసేస్తున్న."

"మిరపకాయలు ఏరనీకి ఖమ్మం దిక్కు పోయినోళ్లు ఎట్లొస్తరు? నీకు కనబడ్డ దినందాంక బతికే ఉన్నరు గద. గంతమట్టుకన్న రాసుకో."

నేను ఇదే సంగతి పుస్తకాల్ల చదివి, పరీక్ష రాసి పాసైనోన్ని. సిగ్గనిపించింది. పేరడిగేలోపే ఆమె దిగిపోయింది.

తెల్లారి ఒక్కో పేరు మళ్ల ఎక్కించిన, ఆఖరుసారి కనబడ్డ తారీఖుతోటి.

ఆ అవ్వ నాకు మళ్ల కనబడలే. నా లెక్కల మాత్రం, సంచి నెత్తిన పెట్టుకొని బస్సు దిగిన దినందాంక ఆమె బతికే ఉన్నది.