చివరి బస్తా తీర్పు

నస్రత్‌కి తెలివి ఎక్కువని ఆఫీసులో అందరికీ తెలుసు. చెప్పింది నస్రతే కాబట్టి తెలియకేం! గుంటూరులో మిర్చి కొనే కంపెనీలో పదకొండేళ్లు కాయ చేత్తో విరిచి, వాసన చూసి రకం తేల్చిన మనిషి, మూడు వారాలు యూట్యూబు చూసి, ఆ పని మొత్తాన్ని డబ్బాలూ బాణాలూ గీసి కంప్యూటరుకి అప్పగించేసింది. ఒక బస్తా రంగు, తేమ కొలతలు తీసుకో, ఎరుపో తాలో తేల్చు, తర్వాతి బస్తాకి వెళ్లు, అన్నీ అయ్యేదాకా తిరుగు. అంతే! ఆ తిరుగుడు బాణాన్ని మొగుడు పీరుకి కూడా చూపించింది, పాపం ఆయన అన్నం తింటుంటే.

మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం పర్చూరు నుంచి కనకలక్ష్మి నలభై రెండు బస్తాలు దింపించింది. అందరు రైతుల్లాగే తెల్లబారిన తాలు కాయని ఏరి, రెండు బస్తాలకెత్తి, వరస చివర నిలబెట్టింది. స్క్రీను మీద మొత్తం సరుకు తాలని పడింది. హమాలీలు బస్తాలు మళ్లీ లారీకెత్తడం మొదలుపెట్టారు.

కనకలక్ష్మి గొడవపడలేదు. పడినా బాగుండేది. ఒక కాయ తీసి వెలుతురులో పట్టుకుంది.

"కళ్లు చూపించుకోవాలేమో అమ్మాయ్. నాకు ఎర్రగానే కనబడుతోంది."

నస్రత్ ఆ కాయ లాక్కుని విరిచింది. ఘాటుకి తుమ్మొచ్చింది. ఇది తాలైతే తను నస్రతే కాదు! పరిగెత్తి వెళ్లి కంప్యూటర్లో ఆ తిరుగుడు బాణం విప్పి చూసింది. యా అల్లా! ఒక్కో బస్తా ఫలితాన్నీ జాబితాలో చేర్చమనాల్సింది పోయి, పాతది చెరిపి కొత్తది రాయమని పెట్టింది. అన్నీ తిరిగొచ్చాక మిగిలింది చివరి బస్తా మాటొక్కటే. తాలు ఎప్పుడూ చివర్లోనే ఉంటుందని పదకొండేళ్లుగా చూస్తున్న మహాతల్లికి ఇది తట్టనేలేదు.

"నెట్టు పోయిందని చెప్పేయండి" గొణిగాడు మేనేజరు రఘురామ్.

ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో! అయినా సిగ్గుతో చస్తూనే బయటికొచ్చింది.

"మీ కళ్లకేం కాలేదు పిన్నిగారూ. తప్పు నాది. గొప్ప తెలివిగలదాన్నని తప్పుగా పెట్టాను. సరుకు దింపించండి."

తిడితే పడదామనుకుంది. కనకలక్ష్మి తిట్టలేదు. గేటు వైపు చూసింది.

"మరి మాకంటే ముందు వెనక్కి పోయిన లారీల వాళ్లకి ఎవరు చెబుతారమ్మా?"

నస్రత్ గేటు దగ్గర రిజిస్టరు తెచ్చుకుని మొదటి నంబరుకి ఫోన్ చేసింది.

"తాలన్నారు కదమ్మా" అన్నాడు అవతలాయన. "దోవలోనే వచ్చినకాడికి ఇచ్చేశా."

రెండో నంబరు నొక్కడానికి నస్రత్‌కి చెయ్యాడలేదు. అయినా నొక్కింది.