ఫొటోలో తల తిప్పని మనిషి

వనితకు కాలు ఒకచోట నిలవదు. ఠాణే దగ్గర పూర్ణలోని ఓ గోదాములో ఆమె పని, ఆన్‌లైన్‌లో అమ్మే చీరలకు ఫొటోలు తీయడం. తెల్ల తెర, రెండు లైట్లు, ప్లాస్టిక్ బొమ్మ. సాయంత్రం షేర్ ఆటోలో కామత్‌ఘర్‌లోని ఇంటికి తిరిగొస్తుంటే రోజంతా కళ్లు మూసుకుని ఉన్నట్టు అనిపించేది.

అందుకే తన పాత కెమెరాకు ఓ చిన్న వైడ్ లెన్స్ కొనుక్కుంది, సెకండ్ హ్యాండ్‌లో. అంతకుముందున్న పొడుగాటి లెన్స్‌తో ఆ సందుల్లో ఏం తీయబోయినా వీపు గోడకు తగిలేది. మనిషి పడితే గుమ్మం పడేది కాదు. ఇప్పుడు బిందెలు, మెట్ల మీద నూలు కండెల డబ్బా, పైన తీగల మధ్య ఆకాశం ముక్క, అన్నీ పడుతున్నాయి. కాకపోతే మనిషికి బాగా దగ్గరగా వెళ్లాలి, లేదంటే చీమంత కనిపిస్తాడు. అంచుకు వచ్చిన మొహం సాగిపోతుంది. ఎదురింటి లస్మవ్వ తన చెంప గుమ్మడికాయంత చేసిందని వారం రోజులు అలిగింది.

తండ్రి కనుకయ్య ఇరవై ఎనిమిదేళ్లుగా గైబీ నగర్‌లోని ఓ కార్ఖానాలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుపుతున్నాడు. సాంచాకూ సాంచాకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగానే. అక్కడ ఆయన్ని నిండుగా ఫొటో తీయాలని వనితకు ఎన్నాళ్లుగానో కోరిక. ఆయన వద్దంటే, కార్ఖానా యజమాని దత్తాత్రి సేఠ్‌ను తనే అడిగి ఒప్పించింది.

తనకు సెలవున్న రోజున కార్ఖానాకు వెళ్లింది. చెవులు పగిలే మోతలో, ఓ మూలకు ఒదిగి తీస్తుంటే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగిపోయాయి. ఆమె వేలు ఆగలేదు. తలుపులోంచి వచ్చే వెలుతురులోనే తీస్తూ పోయింది.

ఇంటికొచ్చి చూసుకుంటుంటే మూడు ఫొటోల దగ్గర మనసు చిక్కుకుంది. మొదటిదాంట్లో తలుపు దగ్గర దత్తాత్రి నోరు తెరిచి ఉన్నాడు, అందరి తలలూ అటే. రెండోదాంట్లో అందరూ కనుకయ్యవైపు చూస్తున్నారు. మూడోదాంట్లో ఒకతను ఆయన భుజం తట్టబోతున్నాడు. కనుకయ్య మాత్రం వంగి, పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెకు పట్టిన దూది తుడుచుకుంటున్నాడు. సేఠ్ "కనుకయ్యా" అని పిలవడం, అప్పుడు సాంచాల మోత లేక, తనకూ వినపడింది. కెమెరాలో కన్ను పెట్టి పట్టించుకోలేదు.

ఇక కూర్చోలేకపోయింది. సందు చివరిదాకా వెళ్లింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. టీవీ సౌండు గురించి అమ్మ గొడవ, ఎన్నిసార్లు చేసినా తండ్రి ఎత్తని ఫోను, ఎప్పుడూ తనను కుడిపక్కనే కూర్చోమనడం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రెండు రోజులు తండ్రి వెనకే తిరిగింది కానీ అడగలేదు. మూడోరోజు పొద్దున ఆయన చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చుని, ఫోనులోకి ఎక్కించుకున్న ఆ ఫొటోలు చూపించింది.

ఆయన చూసి ఫోను పక్కన పెట్టాడు.

"ఎన్నేండ్లయింది బాపు?"

"ఎడమ చెవు ఐదేండ్లు. కుడిది గిప్పుడిప్పుడే." గుసగుసగా చెబుతున్నాననుకుని గట్టిగానే అన్నాడు. "సేఠ్‌కు చెప్పకు బిడ్డా. చెవిటోనికి సాంచాలెవరిస్తరు? పోగు తెగితె నాకు చెయ్యి పెడితె ఎర్కయితది."

"కార్ఖానల అందరికి ఎర్కనే బాపు. మంచిగ సూడు. ఒక్కలన్న నవ్వుతున్నరా?"

ఆయన ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కొక్క మొహాన్నీ పెద్దగా చేసి చూశాడు. ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్లాడు.

వనిత తీసుకెళ్తే ఠాణేలో డాక్టరు, పోయిన వినికిడి రాదని, ఉన్నది కాపాడుకోవచ్చని చెప్పాడు. కుడిచెవికి వినికిడి మిషన్ పెట్టారు. దత్తాత్రికి ముందే తెలుసట. ఆయన్ని మోత తక్కువుండే బయటి గదిలో గుడ్డ చెకింగ్‌కు మార్చాడు. కనుకయ్యకు అది మింగుడుపడలేదు. మొదటి నెలంతా చేతులు ఊరుకోక, గంటకోసారి సాంచాల గది గడపదాకా వెళ్లి వచ్చేవాడు. కూతురి మీద విసుక్కునేవాడు. ఆ ఫొటోలు తీయకపోతే బాగుండేదా అని వనిత ఎన్నోసార్లు అనుకుంది.

అయితే ఆ నెలలోనే కార్ఖానా నుంచి మరో ముగ్గురు పరీక్షకు వెళ్లారు. తీసుకెళ్లింది కనుకయ్యే. తిరిగొచ్చేటప్పుడు బజారులో ఆటోల హారన్లకు తట్టుకోలేక చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. ఇంత మోతలో మీరంతా ఎట్లా బతుకుతున్నారని ఇంటికొచ్చి అందరినీ కోప్పడ్డాడు.